చెయ్యి కడిగినా మిర్చి మంట ఎందుకు పోదు? (మిరప ఘాటు, షుగరు కాళ్ళు, జ్ఞాన నాడులు)

విభాగం: ఆరోగ్యం, సైన్సు కబుర్లు

కొత్తపేట_రాధిక (గుంటూరు)

అందరికీ నమస్కారం. మేం ఇంటి దగ్గరే కారం పట్టించి, పచ్చళ్ళు పెట్టి అమ్ముతాం. మిర్చి యార్డు నుంచి తేజ రకం కాయలు తెచ్చి తొడిమలు తీయడం నా పని. పగలు తీస్తున్నంతసేపూ ఏమీ అనిపించదు. రాత్రి అన్నాలు తిని పడుకోబోయే వేళకి మొదలవుతుంది అసలు సినిమా. వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ ఒకటే మంట. ఫ్యాన్ కింద చేతులు చాపుకుంటే కాస్త హాయి. దుప్పట్లో పెడితే మళ్ళీ భగ్గుమంటుంది. సబ్బుతో కడిగినా అంతే. లైటు వేసి చూస్తే బొబ్బ లేదు, తోలు ఊడలేదు, కాస్త ఎర్రబడి ఉంటుంది అంతే.

నా ప్రశ్న ఏమిటంటే, కాలనే లేదు కదా, మరి ఈ మంట ఎక్కడిది? మాతో పనికొచ్చే పెద్దమ్మకి మాత్రం ఏమీ కాదట. చిట్కాల కోసం అడగడం లేదు, కారణం కావాలి. చిట్కాలు చెప్పినా వద్దనను లెండి.

బ్రాడీపేట_బాబ్జీ (గుంటూరు)

గుంటూరులో ఉంటూ మిర్చి మంట అంటున్నారా అండీ, రేషన్ కార్డు పీకేస్తారు జాగ్రత్త! సరదాకి అన్నాను. నాకూ తెలుసుకోవాలనే ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

నాడి_పీజీ (గుంటూరు)

ఫిజియాలజీలో పీజీ చేస్తున్నాను, ఇది మా సబ్జెక్టే.

రాధిక గారూ, మీ చెయ్యి కాలలేదు, కాలిందన్న కబురు మాత్రం మెదడుకి వెళ్ళింది. చర్మం పై పొరల్లోకి వెంట్రుక కంటే చాలా సన్నగా జ్ఞాన నాడుల (స్పర్శ, వేడి, నొప్పి కబుర్లు మోసేవి) చివరలు వచ్చి ఉంటాయి. వాటి పొర మీద కొన్ని ప్రొటీన్లు ఉంటాయి, అయాన్ ఛానెళ్ళు అంటారు. అందులో ఒకదాని పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా ఇది మూసుకుని ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే తెరుచుకుంటుంది. తెరుచుకోగానే బయటున్న సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూకుతాయి. దాంతో నాడిలో విద్యుత్ సంకేతం పుట్టి వెన్నుపాము వైపు పరుగెత్తుతుంది. ‘వేడి, చెయ్యి తీసెయ్’ అన్న కబురు అదే.

మిరపకాయలోని కాప్సైసిన్ సరిగ్గా ఇదే ఛానెల్‌కి అతుక్కుంటుంది. వేడి లేకుండానే దాన్ని తెరిచేస్తుంది. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి కాలింగ్ బెల్లు మోగిందనే తెలుస్తుంది గానీ, నొక్కింది చుట్టమా, ఆకతాయి పిల్లాడా అన్నది తెలియదు కదా. మెదడు పరిస్థితీ అంతే. ఆ నాడి మోగిందంటే దానికి అర్థం ఒకటే, వేడి తగిలింది అని.

ఇది బయటపడి ఎంతో కాలం కాలేదు. 1997లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాన్ ఫ్రాన్సిస్కో) వాళ్ళు, డేవిడ్ జూలియస్ బృందం, పట్టుకున్నారు. పద్ధతి చాలా తెలివైనది. జ్ఞాన నాడుల్లో పనిచేసే జన్యువుల ముక్కలు బోలెడు పోగేసి, కాప్సైసిన్ అంటే లెక్కే చేయని మామూలు కణాల్లోకి ఎక్కించుకుంటూ పోయారు. ఏ ముక్క ఎక్కించినప్పుడు ఆ కణం మిరప ఘాటుకి స్పందించిందో, అదే టీఆర్‌పీవీ1 జన్యువు. జూలియస్‌కి, స్పర్శను పట్టే పియెజో ఛానెళ్ళను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కి కలిపి 2021లో వైద్య నోబెల్ ఇచ్చారు.

ఇక మీ దుప్పటి సంగతి. కాప్సైసిన్ అంటుకున్న ఛానెల్‌కి 43 డిగ్రీలు కూడా అక్కర్లేదు, ఒంటి వెచ్చదనమే చాలు. అందుకే దుప్పట్లో మంట, వేడినీళ్ళు పోసుకుంటే ఇంకా మంట, ఫ్యాన్ గాలికి హాయి. ఎర్రబడటానికి కారణం కూడా నాడే. అది మెదడుకి కబురు పంపడంతో ఊరుకోదు, అక్కడికక్కడే కొన్ని రసాయనాలు వదిలి చుట్టుపక్కల సన్న రక్తనాళాలను వెడల్పు చేస్తుంది.

రాత్రికి గానీ మొదలవకపోవడం కూడా మామూలే. అరచేతి చర్మం మందం. ఘాటు అందులోంచి దిగి నాడి చివర దాకా చేరడానికి గంటలు పడుతుంది. చైనాలోని హునాన్ ప్రాంతపు వంటకి మిరపకాయలు తరిగినవాళ్ళ చేతుల మంటకి వైద్య పత్రికల్లో ‘హునాన్ హ్యాండ్’ అని పేరు పెట్టారు.

బ్రాడీపేట_బాబ్జీ

హునాన్ ఏమిటండీ అన్యాయం! ‘గుంటూరు హ్యాండ్’ అని ఉండాలి. మనవాళ్ళెవరూ పేపరు రాయకపోబట్టే ఇలా అయింది.

తెనాలి_మాస్టారు

పీజీ గారు బాగా చెప్పారు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కబురు వెళ్ళే దారి గురించి నాలుగు ముక్కలు కలుపుతాను, ఎందుకంటే పదో తరగతి పుస్తకంలో అభివాహి నాడులు (కబురు లోపలికి తెచ్చేవి), అపవాహి నాడులు (ఆజ్ఞ బయటికి మోసేవి) అని బట్టీ పట్టి పరీక్ష రాసి మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

చర్మం నుంచి బయల్దేరిన జ్ఞాన నాడి తంతువు వెన్నుపాము దాకా మధ్యలో ఎక్కడా ఆగదు. దాని అసలు కణదేహం వెన్నెముక పక్కనే ఒక చిన్న ముడిలో ఉంటుంది. ఒక కొమ్మ చర్మం వైపు, ఒక కొమ్మ వెన్నుపాము వైపు. కాలి బొటనవేలి సంగతి చూడండి. ఆ కణం నడుము దగ్గర కూర్చుని, ఒక చెయ్యి బొటనవేలి దాకా చాపుతుంది. స్పర్శ కణమైతే రెండో చెయ్యి మెడ పైదాకా, మెదడు మొదలు దాకా పోతుంది. ఒక్కటే కణం, మనిషి అంత పొడవు! మన ఒంట్లో ఇంతకంటే పొడుగు కణం లేదు.

వెన్నుపాము నుంచి 31 జతల నాడులు వస్తాయి. ఒక్కోదానికి రెండు మూలాలు. వెనక మూలం గుండా కబురు లోపలికి వస్తుంది, ముందు మూలం గుండా ఆజ్ఞ బయటికి పోతుంది. 1811లో ఇంగ్లండులో చార్లెస్ బెల్ సగం పట్టుకున్నాడు, 1822లో ఫ్రాన్సులో మజెండీ ప్రయోగం చేసి తేల్చాడు. తర్వాత ఆ ఘనత ఎవరిదని ఇద్దరి తరఫునా పెద్ద గొడవే జరిగింది.

అన్ని తంతువులూ ఒకే వేగంతో పోవు. చీకట్లో మంచం కోడుకి కాలివేలు కొట్టుకున్నప్పుడు గమనించండి. ముందు ‘తగిలింది’ అని తెలుస్తుంది, వెంటనే చురుక్కుమంటుంది, కాసేపటికి అసలు బాధ నిదానంగా వచ్చి కూర్చుంటుంది. మూడూ వేరే వేరే తంతువుల పని. స్పర్శ తంతువుకి మయలిన్ అనే మందమైన కొవ్వు తొడుగు ఉంటుంది, సెకనుకి 35 నుంచి 75 మీటర్లు పోతుంది. చురుకు మోసుకెళ్ళేదానికి పల్చటి తొడుగు, 5 నుంచి 30 మీటర్లు. సలుపు, మంట మోసే ‘సీ’ తంతువులకు తొడుగే లేదు, సెకనుకి అర మీటరు నుంచి రెండు మీటర్లు. వేలి నుంచి వెన్నుపాముకి మీటరు దూరం అనుకుంటే, ఆ చివరి కబురు చేరడానికి ఇంచుమించు సెకను పడుతుంది. రాధికమ్మా, నీ మిర్చి మంటలో ఎక్కువ భాగం ఈ నిదానపు దారి మీదే పోతుంది.

కొత్తపేట_రాధిక

మాస్టారూ, పీజీ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. ఇన్నాళ్ళూ ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగుతున్నాను. మరి సబ్బు పెట్టి కడిగినా ఎందుకు పోదు? తొడిమలు తీసేటప్పుడు గింజలు రాలితే ఆ రోజు మంట ఎక్కువ. గింజల్లోనే ఘాటు ఉంటుందా?

నాడి_పీజీ

ఒక ఎండుకాయను నిలువుగా చీల్చి చూడండి. లోపల గింజలు అంటుకుని ఉండే పాలిపోయిన ఈనె కనిపిస్తుంది. ఘాటు తయారయ్యేది అక్కడే. గింజకి ఆ ఈనె తగిలి ఘాటు పూసుకుంటుంది, అంతకు మించి గింజలో సొంతంగా ఏమీ ఉండదు. గింజ రాలిందంటే ఈనె కూడా విరిగి, ఆ పొడి చేతికి అంటుకుందన్నమాట.

కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. నీళ్ళతో కడిగితే ఇంకో చోటికి పాకుతుంది తప్ప పోదు. ముందు కొబ్బరినూనో వంటనూనో బాగా రాసుకుని, గోళ్ళ సందుల్లో కూడా రుద్ది, గుడ్డతో తుడిచేయండి. తర్వాత అంట్లు తోమే సబ్బుతో చల్లటి నీళ్ళలో కడగండి. ఇంకా ఉంటే మళ్ళీ అదే. ఆ గుడ్డ ఇంక దేనికీ వాడకండి, ముఖ్యంగా పిల్లల మొహాలకి. అన్నిటికన్నా మేలు, పని మొదలుపెట్టేటప్పుడే గ్లౌజులు.

నోటి మంటకి మజ్జిగ మంచిదే. పాలల్లో, మజ్జిగలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ కాప్సైసిన్‌ని పట్టుకుని లాక్కుపోతుంది. చేతి మంటకి తాగితే మాత్రం లాభం లేదు.

యార్డు_గుమస్తా (గుంటూరు)

మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపేటప్పుడు కొత్తోడు ఎవడైనా వస్తే దగ్గు, తుమ్ములు, కళ్ళెంట నీళ్ళు. ఓ గంట కూడా నిలబడలేడు. మా హమాలీలు అదే టిక్కీల మీద కూర్చుని టీ తాగుతారు. పిల్లలు చూడటానికొస్తే వాళ్ళని ఏడిపిస్తారు కూడా. రాధిక గారు చెప్పిన పెద్దమ్మలాంటోళ్ళు ఇక్కడ బోలెడు మంది. వాళ్ళకి ఒళ్ళు మొద్దుబారిపోయిందా, లేక అలవాటేనా?

నాడి_పీజీ

మంచి ప్రశ్న అండీ. అది మనసు అలవాటు పడటం ఒక్కటే కాదు, నాడి చివరలే మారతాయి. పదే పదే కాప్సైసిన్ తగిలితే కాల్షియం లోపలికి పోయి పోయి ఆ చివర స్పందించడం తగ్గిస్తుంది. ఘాటు మరీ ఎక్కువైతే చర్మంలోకి వచ్చిన సన్న చివరలు కొంతకాలం వెనక్కి ముడుచుకుపోతాయి కూడా. పని మానేస్తే వారాల్లో మళ్ళీ పెరుగుతాయి. పోయిన సీజన్లో ఏమీ అనిపించని మనిషికి ఈ సీజన్ మొదట్లో మళ్ళీ మంట పుట్టేది అందుకే.

స్పర్శ తంతువుల మీద టీఆర్‌పీవీ1 పెద్దగా ఉండదు కాబట్టి వాళ్ళకి తాకితే మామూలుగానే తెలుస్తుంది. ఊపిరితిత్తుల సంగతి మాత్రం వేరు. ఆ దుమ్ము రోజూ పీల్చడం మంచిది కాదు, ఘాటు తెలియకపోయినా మాస్కు పెట్టుకోవాల్సిందే.

పటమట_ప్రసాద్ (విజయవాడ)

ఈ చర్చ చదువుతుంటే మా నాన్నగారి సంగతి అడగాలనిపించింది. ఆయనకి చాలా ఏళ్ళుగా షుగర్. రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలు మంటలు అంటారు, తడిగుడ్డ వేసుకుని పడుకుంటారు. ఇక్కడ మిరపకాయ లేదు, ఏమీ లేదు. విచిత్రం ఏమిటంటే, అదే కాలు నుంచి చెప్పు జారిపోయినా ఆయనకి తెలియదు, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చిన రోజులున్నాయి. పోయిన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసొచ్చారు. సాయంత్రం కాళ్ళు కడుగుతుంటే అమ్మ చూసి కేక పెట్టింది, రెండు పాదాల కింద నీటి బొబ్బలు. ఆయనకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఇంత మంట తెలిసే కాలికి ఆ బండ వేడి ఎందుకు తెలియలేదు? నరాల పరీక్ష (ఎన్‌సీవీ) చేయిస్తే రిపోర్టు నార్మల్ అన్నారు. చేసినచోట ‘అంతా ఆయన భ్రమ’ అన్నట్టు మాట్లాడి పంపించేశారు. టెన్షన్‌గా ఉంది.

సర్వం_చిట్కా (మంగళగిరి)

ప్రసాద్ గారూ, ఇది నరాల వీక్‌నెస్. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ గారి దగ్గర బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ల కోర్సు వేయించుకుంటే మా బావగారికి తగ్గింది. ఇందాక పీజీ గారు చెప్పినట్టు కారం రాస్తే నాడులు ముడుచుకుంటాయి కదా, ఆముదంలో కారం కలిపి అరికాళ్ళకి పట్టించండి. ఖర్చు లేని వైద్యం.

ఫిజియో_అక్క (విజయవాడ)

అయ్యయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి ప్రసాద్ గారూ! షుగరు కాళ్ళని చూసే క్లినిక్కులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తాను. వేడి తెలియని కాలికి కారం పూస్తే ఎంత పూశామో, ఎక్కడ చర్మం చిట్లిందో ఆయనకి తెలియదు. పుండు పడ్డాక చూసుకుంటారు. కాప్సైసిన్‌తో మందు ఉన్నమాట నిజమే. 8 శాతం పట్టీ ఒకటి ఉంది, అమెరికాలో షుగరు కాళ్ళ నాడి బాధకి 2020లో అనుమతిచ్చారు. అది ఆసుపత్రిలో, కొలిచి, అరగంట పాటు వేసి తీసేస్తారు. వంటింటి కారంతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మంట ఉంది, వేడి తెలియదు. రెండూ ఒకే జబ్బు పనులు. చర్మంలోకి వచ్చే సన్నటి తంతువుల చివరలు షుగర్ వల్ల క్రమంగా చచ్చిపోతాయి. చివర లేకపోతే బండ ఎంత కాలినా కబురు పుట్టదు, అందుకే బొబ్బలు తెలియలేదు. కానీ చివర పోయిన తంతువు మిగతా భాగం ఇంకా బతికే ఉంటుంది. దెబ్బతిన్న ఆ ముక్క తనంతట తనే సంకేతాలు పుట్టిస్తుంది, పక్కనున్న సగం చెడిన తంతువులూ అంతే. మెదడుకి అవి ఎప్పటి దారిలోనే వస్తాయి కాబట్టి ‘అరికాలు మండుతోంది’ అనే చదువుకుంటుంది. ఆయనది భ్రమ కాదు. నొప్పి నిజమే, అరికాలి దగ్గర నిప్పు మాత్రం లేదు.

ఎన్‌సీవీ నార్మల్ రావడం గురించి. ఆ పరీక్ష కొలిచేది మయలిన్ ఉన్న పెద్ద, వేగమైన తంతువుల్ని. మాస్టారు చెప్పిన ‘సీ’ తంతువుల సంకేతం అందులో కనిపించనే కనిపించదు. సన్న తంతువులు పోయి పెద్దవి బాగున్నంత కాలం రిపోర్టు శుభ్రంగానే వస్తుంది. ఇలాంటి రిపోర్టు పట్టుకుని ‘నాకేం లేదట’ అని ఏడుస్తూ వచ్చేవాళ్ళని తరచూ చూస్తుంటాను. సన్న తంతువుల సంగతి తేల్చాలంటే కాలి దగ్గర చిన్న చర్మం ముక్క తీసి మైక్రోస్కోపులో లెక్కపెట్టే పద్ధతి ఉంది. అందరికీ అది అవసరం రాదు, ఆయన చెప్పే లక్షణాలు, కాలి పరీక్ష చూస్తే డాక్టరుకి చాలావరకు అర్థమవుతుంది.

మీ నాన్నగారికి చెప్పు జారినా తెలియడం లేదంటే స్పర్శ, ఒత్తిడి మోసే పెద్ద తంతువుల మీదా అనుమానం పెట్టుకోవాలి. ఎన్‌సీవీ ఎప్పుడు చేయించారు? పాతదైతే మళ్ళీ చూపించండి. కాలి పరీక్ష ఖర్చు లేనిది. నైలాన్ దారం లాంటిది ఒకటి ఉంటుంది, వంగేటప్పుడు సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి ఇస్తుంది. ఆయన్ని కళ్ళు మూసుకోమని పాదం మీద అక్కడక్కడ ఆనించి ‘తెలుస్తోందా’ అని అడుగుతాం. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి ఎముక మీద పెడతాం. ‘మోగుతోంది’ అనాల్సిన చోట ‘చల్లగా ఏదో పెట్టారు’ అన్నారంటే అదుర్పు తెలియడం లేదన్నమాట.

బ్రాడీపేట_బాబ్జీ

అంటే పీజీ గారి కాలింగ్ బెల్లు తీగని ఎలకలు కొరికేశాయన్నమాట. మీట నొక్కితే మోగదు, వాకిట్లో ఎవరూ లేకపోయినా అర్ధరాత్రి మోగుతూ ఉంటుంది.

ఫిజియో_అక్క

బాబ్జీ, ఈ మాట రేపటి నుంచి మా క్లినిక్కులో వాడుకుంటాను, కాపీరైట్ అడక్కు.

పటమట_ప్రసాద్

అక్కా, చాలా ధైర్యం వచ్చింది. ఇంకొక్కటి. ఎప్పుడూ కాళ్ళ నుంచే ఎందుకు మొదలవుతుంది? షుగర్ ఒళ్ళంతా ఉంటుంది కదా.

నాడి_పీజీ

దీనికి నేను చెప్తాను. మాస్టారు చెప్పిన పొడుగు కణమే కారణం. కణదేహం నడుము దగ్గర, చివర వేలి దగ్గర, మధ్యలో మీటరు దూరం. ఆ చివరకి కావాల్సిన ప్రొటీన్లు కణదేహంలో తయారై తంతువు లోపల నుంచే ప్రయాణం చేయాలి. వేగంగా పోయే సరుకే రోజుకి 40 సెంటీమీటర్లకు మించి పోదు. అంటే వేలికి చేరేసరికి రెండు మూడు రోజులు. మామూలు రోజుల్లో ఇది సాఫీగా సాగిపోతుంది. షుగర్ వల్ల నాడికి రక్తం ఇచ్చే సన్న గొట్టాలు పాడై, కణం లోపలి శక్తి తగ్గితే, ముందు దెబ్బతినేది అన్నిటికంటే దూరంగా ఉన్న చివరే. అందుకే రెండు కాళ్ళకీ ఒకేలా వేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మోకాళ్ళ దాకా వచ్చేసరికి చేతివేళ్ళ చివర్లు మొద్దుబారడం మొదలవుతుంది, ఎందుకంటే పొడవులో తర్వాతి వంతు వాటిదే. ఒక కాలికే, ఒక వైపే వస్తే కారణం వేరే చోట వెతకాలి, నడుము దగ్గర డిస్కు నొక్కుతోందేమో చూడాలి.

సర్వం_చిట్కా

కారం సంగతి సరే, ఒప్పుకుంటాను. ఇంజెక్షన్లు తప్పేముందండీ? విటమిన్లే కదా, ఎక్కువైతే ఒంటికి బలమే.

ఫిజియో_అక్క

అన్నయ్యా, అక్కడే పప్పులో కాలేస్తున్నారు చాలామంది. బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే జ్ఞాన నాడుల్నే పాడుచేస్తుంది, కణదేహాలు ఉండే ఆ ముడుల్లోనే దెబ్బ కొడుతుంది. కాళ్ళు మొద్దుబారాయని బిళ్ళలు వేసుకుని, ఆ బిళ్ళల వల్ల ఇంకా మొద్దుబారడం!

బీ12 వేరే కథ. అది నిజంగా తక్కువుంటే వేసుకోవాల్సిందే. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్ళలో తగ్గుతుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కూడా తగ్గొచ్చు. ప్రసాద్ గారూ, నాన్నగారు అది వాడుతుంటే బీ12 పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి.

ఇందులో మన తెలుగువాళ్ళకి సంబంధించిన ముక్క ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లే సంస్థలో 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. రక్తహీనతకి అద్భుతంగా పనిచేసింది. కానీ బీ12 లోపం ఉన్నవాళ్ళకి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నాడుల చెడుపు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. ఏ విటమిన్ లోపమో తెలియకుండా అన్నీ కలిపి పొడిపించుకోవద్దని అనేది అందుకే.

మంటకి మామూలు నొప్పి బిళ్ళలు పెద్దగా పనిచేయవు. దానికి ప్రెగాబాలిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టర్లు రాస్తారు, వయసూ మిగతా జబ్బులూ చూసి. సొంతంగా కొనుక్కోకండి, పెద్దవాళ్ళకి మత్తుగా ఉండి పడిపోతుంటారు. అంతకంటే ముఖ్యం, రోజూ పడుకునే ముందు అమ్మగారు ఆయన అరికాళ్ళు, వేళ్ళ సందులు లైటు కింద చూడాలి. ఎండలో వట్టికాళ్ళ ప్రదక్షిణలు బంద్. ఉదయం చల్లటి వేళ వెళ్ళినా అమ్మవారు ఏమనుకోదు.

తెనాలి_మాస్టారు

మీరందరూ చర్మం దగ్గరే ఆగిపోయారు. కండరాల్లో, కీళ్ళలో కూడా జ్ఞాన నాడులున్నాయి. కళ్ళు మూసుకుని చూపుడువేలితో ముక్కు కొన పట్టుకోగలుగుతున్నామంటే వాటి వల్లే. ఇయాన్ వాటర్‌మన్ అనే ఇంగ్లీషు కుర్రాడికి 1971లో, 19 ఏళ్ళ వయసులో, ఏదో జ్వరం వచ్చి మెడ కింద నుంచి ఈ జ్ఞానమూ, స్పర్శా పోయాయి. కండరాలకి బలం ఉంది, వేడి, నొప్పి తెలుస్తాయి, కానీ కాలు ఎక్కడుందో కళ్ళతో చూస్తే తప్ప తెలియదు. లేచి నిలబడలేకపోయాడు. ఏళ్ళ తరబడి సాధన చేసి, ప్రతి అడుగూ కళ్ళతో చూసుకుంటూ నడవడం నేర్చుకున్నాడు. లైట్లు ఆరిపోతే మాత్రం కుప్పకూలిపోయేవాడు. మన ఊళ్ళ కరెంటు కోతల్లో ఆ మనిషి ఏమైపోయేవాడో!

షుగరు ముదిరినవాళ్ళు ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే ముందుకి తూలడం ఇదే బాపతు. ప్రసాద్, నాన్నగారి బాత్రూములో పట్టుకునేందుకు ఒక కడ్డీ బిగించు బాబూ.

కృష్ణలంక_రమ (విజయవాడ)

చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. గుండె నొప్పి ఎడమ చేతిలో రావడం కూడా నాడుల వల్లేనా? మా అత్తయ్యగారికి కూడా షుగర్, ‘నాకు చెయ్యేం లాగట్లేదు, గుండె బాగుంది’ అంటారు ఆయాసపడుతూనే.

నాడి_పీజీ

రమ గారూ, ముందు ఆవిడకి ఈరోజే ఈసీజీ తీయించండి, మిగతాది తర్వాత చదవండి.

గుండె నుంచి వచ్చే జ్ఞాన తంతువులు, ఎడమ చేతి లోపలి వైపు నుంచి, ఛాతీ నుంచి వచ్చేవి వెన్నుపాములో ఒకే అంతస్తుల్లో చేరతాయి. పైకి వెళ్ళే తర్వాతి కణాలు రెండిటికీ ఉమ్మడి. మెదడుకి రోజూ చేతి నుంచి కబుర్లు వచ్చే అలవాటు, గుండె నుంచి ఎప్పుడో గానీ రావు. అందుకని చెయ్యి అనుకుంటుంది. దవడకి, వీపుకి రావడం కూడా ఇలాంటిదే. షుగరువాళ్ళలో ఆ గుండె తంతువులే చెడిపోయి ఉండొచ్చు. అప్పుడు గుండెపోటు వచ్చినా నొప్పి రాదు, ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే ఉంటాయి. నొప్పి లేదు కాబట్టి గుండె బాగుందన్న లెక్క వాళ్ళ విషయంలో పనిచేయదు.

కృష్ణలంక_రమ

ఇప్పుడే బయల్దేరుతున్నాం అండీ.

నిర్వాహకుడు

సభ్యులకు మనవి: ఇక్కడి మాటలు అవగాహన కోసం. మందుల మోతాదులు అడగవద్దు, చెప్పవద్దు. కారం, ఆముదం చిట్కాను తొలగించకుండా ఉంచుతున్నాం, కింద ఫిజియో_అక్క జవాబుతో కలిపి చదవండి.

యార్డు_గుమస్తా

అంతా చదివాను, బాగుంది. ఒక చిన్న డౌటు మిగిలింది. మాకు ఊళ్ళో రెండెకరాల మిరప తోట ఉంది. మనం నోట్లో పెట్టుకోలేని పండు కాయల్ని రామచిలకలు వచ్చి చక్కగా కొరుక్కుని తింటున్నాయి. వాటికి నాడులు లేవా?

నాడి_పీజీ

ఉన్నాయండీ, టీఆర్‌పీవీ1 కూడా ఉంది, వేడికి తెరుచుకుంటుంది కూడా. కానీ పక్షుల్లో ఆ ప్రొటీన్ నిర్మాణం కొద్దిగా తేడా, కాప్సైసిన్ పనిచేయదు. ఘాటు లేని కాయలాగే తింటాయి. మిరప మొక్కకి కూడా అదే లాభం. ఎలకలు, మనుషులు గింజని నమిలి నాశనం చేస్తారు, చాలా పక్షులు గింజని చెడగొట్టకుండా దూరంగా తీసుకెళ్ళి రెట్టలో వదులుతాయి.

యార్డు_గుమస్తా

అయితే వచ్చే ఏడు ఇంకా ఘాటు రకం వేస్తే చిలకలు రావనుకున్నాను, ఆ ప్లాను పోయినట్టే.

బ్రాడీపేట_బాబ్జీ

వల కట్టుకో బాబాయ్, వేరే దారి లేదు. రాధిక గారూ, ఇంతకీ ఈ ఏడు కారం కిలో ఎంత?